కస్టమర్ ‘చెట్టు తల తీసెయ్యి’ అంటే తీసెయ్యాలా, కాదని తిరిగి రావాలా?

తాడు_మోకు (హైదరాబాద్)

ఎనిమిదేళ్లుగా నాకిదే పని. చెట్లెక్కి కొమ్మలు తీయడం, ఎండిన మోడులు దించడం, గాలికి ఒరిగిన చెట్టును తాళ్లతో కట్టి ముక్కలుగా కోసి కిందికి దింపడం. నలుగురం ఉంటాం. మా నాన్న తాటిచెట్లు గీసేవాడు. మోకు, అంటే చెట్టెక్కే తాడు, కట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నా.

పోయిన నెల ఒక కాలనీలో వేపచెట్టు చూడమని పిలిచారు. ముప్పై ఏళ్ల చెట్టు, రెండంతస్తుల ఇల్లు దాటి పెరిగింది. మాను రాయిలా ఉంది, ఎక్కడా తొర్ర లేదు. ఇంటాయన ఒకటే మాట అన్నాడు: “వేప కదా, మొదలంటా నరికితే పాపం. పదడుగులు ఉంచి పైదంతా తీసెయ్యి.” నేను ఒప్పుకోలేదు. ఇంటి మీదికి వంగిన రెండు కొమ్మలు, ఎండుపుల్లలు తీసి, గాలి దూరేలా పల్చన చేస్తానని 14,000 అడిగాను. మర్నాడు వేరేవాళ్లొచ్చి ఒక్క పైసా తీసుకోకుండా తల నరికి, కట్టె బండికెక్కించుకుని పోయారు.

మా బావ అడుగుతున్నాడు: “నువ్వు కాదన్నందుకు చెట్టేమన్నా బతికిందా? మనకు రెండ్రోజుల పని పోయింది, అంతే కదా?” జవాబు చెప్పలేకపోయా. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నేనెందుకు కాదంటానో చెప్తా. చెట్టుకు తిండి ఆకుల్లోనే తయారవుతుంది. ఆకంతా ఒక్కరోజులో తీసేస్తే, దాచుకున్న బలమంతా పెట్టి మళ్లీ చిగురించాలి. ఇంకో మాట, చెట్టు గాయం మన చర్మంలా మానదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను కోసి చూసి తేల్చిందిదే: చెట్టు పాడైన చోటును బాగుచేసుకోదు, చుట్టూ గోడ కట్టి దాన్ని వేరు చేస్తుంది. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బు ఉంటుంది చూడండి. దానికి తగలకుండా దాని పక్కనే కోస్తే గోడ త్వరగా లేస్తుంది. తొడ లావు కొమ్మను నడిమధ్యలో నరికితే అక్కడ ఆ ఏర్పాటు లేదు. నీళ్లు దిగి, పుచ్చు పట్టి తొర్రవుతుంది. తర్వాత చుట్టూ చీపురుకట్టలా వచ్చే రెమ్మలు పైపైన అంటుకుని ఉంటాయి. నాలుగైదేళ్లకు అవే లావెక్కుతాయి, కింద మొద్దు పుచ్చిపోయి ఉంటుంది. అప్పుడు విరిగి పడేవి అవే.

ఇది తెలిసి కూడా చేయాలా? ఈ పని చేసేవాళ్లు, చేయించుకునేవాళ్లు ఇద్దరూ చెప్పండి.

కట్టె_బేరం (పటాన్‌చెరు)

అన్నా, నీ బాధ సమజైంది. గని నేను ఇంకోతీరుగ చూస్త. చెట్టు ఆయనది, జాగ ఆయనది. మనం పనోళ్లం. నువ్వు కాదంటే ఎవరొస్తరు? అడ్డా మీద నిలవడ్డ పిలగాడు గొడ్డలి పట్టుకొని రబ్బరు చెప్పులతోని ఎక్కుతడు. తాడుండదు, టోపీ ఉండదు. ఒకసారి గట్లనే పచ్చికొమ్మ పోయి 11 కేవీ లైను మీద వడ్డది. చెట్టు మీదున్న పిలగాన్ని కిందికి దింపింది నేనే. బతికిండు, గని కుడిచెయ్యి పోయింది. నేనే ఒప్పుకొని చేస్తే గదొక్కటన్న ఆగుతది కదా.

పైసలు తీసుకోకుండ చేస్తరని అన్నవు. నేను గూడ గట్లనే చేస్త, దాచేదేముంది. కట్టె ఇటుక బట్టీకి పోతది, హోటల్‌కు పోతది, మాను లావుంటే సామిల్లుకు పోతది. కూలి, డీజిలు అండ్లకెళ్లే ఎల్తయి. పది మందిల తొమ్మిది మంది 14 వేలు ఇయ్యరు.

ఇంకోటి, మా ఊళ్లె గొర్లకాపర్లు ఎన్ని తరాల సంది తుమ్మలకు, వేపలకు మండలు కొడుతున్నరు? చచ్చినయా చెట్లు?

తాడు_మోకు

అన్నా, ఆ పిలగాడి మాట చదివి చాలాసేపు ఏం రాయబుద్ధి కాలేదు. ఆ మాట నేను కాదనలేను.

మండల సంగతి చెప్తా. కాపరి కొట్టేది బొటనవేలంత, మహా అయితే మణికట్టంత రెమ్మ. ఏటేటా కొడతాడు, అక్కడక్కడే కొడతాడు. చిన్న గాయం త్వరగా మూసుకుపోతుంది. చెరువుగట్టు కానుగలకు పచ్చిరొట్ట కోసం మండలు కొట్టడమూ అలాంటిదే. చిన్నప్పటి నుంచి అలవాటు చేసిన చెట్టు వేరు. ముప్పై ఏళ్లు ఎవరూ ముట్టని చెట్టుకు ఒక్కరోజులో నడుము దాకా కోసెయ్యడం వేరు.

నువ్వు చెప్పిన కట్టె లెక్కలోనే నాకు అసలు చిక్కు కనబడుతోంది. కూలి కట్టెలోనే రావాలంటే ఎక్కువ కట్టె దొరికే కోతే కొయ్యాలి. ఎండుపుల్లలు, సన్నరెమ్మలు తీస్తే బట్టీవాడు బండి పంపడు. లావు కొమ్మలే కావాలి. అంటే ఏ కొమ్మ ఉండాలో, ఏది పోవాలో చెప్పాల్సిన మనిషికే అన్నీ పోతే లాభం. నువ్వు చెడ్డవాడివని అనడం లేదన్నా. ఆ బేరంలో నేనున్నా నా చెయ్యి లావు కొమ్మ మీదికే పోతుంది.

మూడో_అంతస్తు (మియాపూర్)

మీరిద్దరూ చెట్టు మీద నుంచి మాట్లాడుతున్నారు. నేను చెట్టు కింద నుంచి మాట్లాడతాను. మా గోడ పక్కన పెద్ద నిద్రగన్నేరు ఉందండి. పోయిన మే నెలలో ఈదురుగాలికి మా వీధి చివరి తురాయి కూలి రెండు స్కూటర్ల మీద పడింది. పావుగంట ముందే అక్కడ పిల్లలు ఆడుకున్నారు. ఆ రోజు నుంచి గాలి వీస్తే నాకు నిద్ర పట్టదు. తల తీయించాలనుకునేవాళ్లంతా చెట్లంటే గిట్టనివాళ్లు కాదండి. మాకు భయం, ఎవర్నడగాలో తెలియదు. కనబడిన పరిష్కారం అదొక్కటే. మీరు ‘చెయ్యను’ అని వెళ్లిపోతే మా భయం మా దగ్గరే మిగులుతుంది. మా చెట్టు ప్రమాదమో కాదో నేనెలా తెలుసుకోవాలి?

తాడు_మోకు

మేడమ్, మీ మాట నిజం. ఆ వేపచెట్టు ఇంటాయన్ని నేను అడగాల్సింది మీరు చెప్పారు. ఆయన దేనికి భయపడుతున్నాడో నేను అడగనే లేదు.

మీరు ముందు కింద చూడండి, పైన కాదు. మొదట్లో గానీ వేళ్ల మీద గానీ పుట్టగొడుగులు, చెక్కలాంటి గట్టి కుక్కగొడుగులు మొలిచాయా? గాలి వీచాక ఒకవైపు నేల పగులు పట్టిందా, కొంచెం లేచిందా? పోయిన రెండు మూడేళ్లలో డ్రైనేజీకో కేబుల్‌కో పక్కనే తవ్వారా? సిమెంటు మాను దాకా పోశారా? నేను చూసినంతలో మన వీధుల్లో పడే చెట్లలో చాలావాటికి రోగం వేళ్ల దగ్గరే ఉంది. తవ్వకంలో ఒకవైపు వేళ్లు తెగిపోతాయి, వానకు నేల మెత్తబడుతుంది, గాలి ఆ వైపు నుంచి వస్తుంది. తురాయి కొయ్య ఎలాగూ పెళుసు. తర్వాత పంగలు చూడండి. రెండు కొమ్మలు సన్నటి ‘వి’లా కలిసి మధ్యలో బెరడు నలిగి ఉంటే, అక్కడ చీలిక గీత కనబడితే, అది అశ్రద్ధ చేయొద్దు.

నిద్రగన్నేరు కొమ్మలు బాగా అడ్డంగా సాగుతాయి, చివర బరువు ఎక్కువ. దానికి తల తీయడం కాదు, కొస బరువు తగ్గించాలి. పొడుగు కొమ్మ చివర నుంచి వెనక్కి వచ్చి, దానిలో మూడోవంతైనా లావున్న పక్కకొమ్మ దగ్గర కోస్తాం. కొమ్మ పొట్టిదవుతుంది, ఆకు ఉంటుంది. ఒక్కసారే నాలుగోవంతుకు మించి ఆకు తీయం. మిగతాది రెండేళ్ల తర్వాత.

కొయ్యకుండా కాపాడేదీ ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూశారా? చెదలు తిని కొమ్మలు కూలుతుంటే 2018లో చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు, బరువు కొమ్మల కింద ఆసరాగా దిమ్మెలు కట్టారు. మన ఇంటి చెట్టుకు అంత అక్కర్లేదు. కానీ నిలబెట్టడం కూడా మా పనే అని జనానికి తెలియాలి.

లైన్_క్లియర్ (వరంగల్)

కరెంటు డిపార్ట్‌మెంటు తరఫున ఒక మాట. వానాకాలం ముందు మేం లైన్ల కింద కొమ్మలు కొట్టిస్తాం. ఫీడర్ (ఆ ప్రాంతానికి కరెంటిచ్చే లైను) ఆపి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను మీద పని చేసుకోవడానికి అనుమతి) తీసుకుంటే దొరికేది రెండు మూడు గంటలు. ఆ టైంలో అర కిలోమీటరు అవగొట్టాలి. ఉంగరం ఎక్కడుందో చూసి కోసే తీరిక మాకు లేదు, ఉన్నట్టు చెప్పుకోను. ఆ కోతల వల్ల చెట్లు ఒకవైపే బరువై వంగుతున్నాయన్నదీ నిజమే. వాటిని చూస్తే నాకూ మనసు చివుక్కుమంటుంది. కానీ తప్పు మొదట్లో జరిగింది. లైను కింద నిద్రగన్నేరు, ఏడాకుల చెట్టు నాటిందెవరు? అక్కడ పొట్టిచెట్టు పెడితే మీకూ మాకూ ఈ కోతే ఉండదు.

ఒక్కటి మాత్రం అందరూ వినండి. లైనుకు దగ్గర్లో ఉన్న కొమ్మ ముట్టే ముందు సెక్షన్ ఆఫీసులో చెప్పి సప్లై ఆపించండి. వెదురు గెడ కదా అని ధైర్యం చేయొద్దు. పచ్చికొమ్మలోంచి, తడి తాడులోంచి కూడా కరెంటు వస్తుంది.

సాగరతీరం (విశాఖపట్నం)

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. మా వీధిలో పదకొండు చెట్లుంటే తెల్లారేసరికి నాలుగు మిగిలాయి. అందులో రెండు అంతకుముందు ఏడాదే తల తీసినవి. కళ్లారా చూసింది చెప్తున్నానండి. ఆ రోజు తల తీసిన ఆ రెండూ నిలబడ్డాయి.

కాబట్టి ‘ఎప్పుడూ చేయకూడదు’ అని గీత గీయకండి. మాది తుపాను తీరం. అయితే మిగతా కథ కూడా చెప్పాలి. ఆ రెండింటిలో ఒకటి ఐదారేళ్లకు మామూలు వానలో సగానికి చీలింది. లోపల చూస్తే మోచెయ్యి పట్టేంత తొర్ర, చీమలు. రెండోది ఇప్పటికీ ఉంది, రెండేళ్లకోసారి కోయిస్తూనే ఉన్నాం. మొదలుపెట్టాక ఆపే వీల్లేదు, ఆ ఖర్చు ముందు ఎవరూ మాకు చెప్పలేదు.

లీడ్స్_నుంచి

ఇంగ్లండ్‌లో ఆరేళ్లుగా చెట్ల పని చేస్తున్నాను, మాది ఏలూరు. ఇక్కడ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) రక్షణ ఉత్తర్వు ఉన్న చెట్టును అనుమతి లేకుండా కొమ్మ కూడా కొయ్యకూడదు. పాత కట్టడాలున్న రక్షిత ప్రాంతమైతే 75 మిల్లీమీటర్లకు మించి లావున్న మానుకు ఆరు వారాల ముందు కౌన్సిల్‌కు నోటీసివ్వాలి. కోతలెలా ఉండాలో ‘బీఎస్ 3998’ అని 2010 నాటి ప్రమాణం ఉంది, మా కొటేషన్‌లో ఆ పేరు రాస్తాం. ఏ కొమ్మ, ఎంత పొడుగు, ఎందుకు అన్నది కాగితం మీద ఉంటుంది. అయినా ఇక్కడా తల నరికేవాళ్లున్నారు, తక్కువ రేటుకు పట్టుకుపోతారు.

నాకు ఉపయోగపడింది ఒక్కటే. ‘చెయ్యను’ అనే బదులు మూడు పనులు, మూడు రేట్లు రాసిస్తాను. కొస తగ్గించడం ఒకటి, మొదలంటా తీసి వేరే మొక్క పెట్టడం ఒకటి, తల తీయడం ఒకటి. మూడోదాని పక్కనే రెండేళ్లకోసారి మళ్లీ రావాల్సిన ఖర్చు కలిపి రాస్తాను. పదేళ్ల మొత్తం చూశాక చాలామంది మొదటిదే ఎంచుకుంటారు.

కట్టె_బేరం

అక్కడ కాగితం చూస్తరు తమ్మీ. ఇక్కడ వాట్సాప్‌ల ఫొటో పెట్టి ‘ఎంత’ అంటరు. అయినా మూడు రేట్ల మాట మంచిగనే ఉన్నది.

వాల్టా చట్టం, అంటే నీళ్లు, భూమి, చెట్లను కాపాడే చట్టం, ముచ్చట ఎవరూ తియ్యలేదు. చెట్టు కొట్టాలంటే 2002 సంది పర్మిషన్ కావాలె. కొమ్మలే కదా అని తల తీపిస్తరు, అది ఎండుతది, ఎండిన చెట్టని తర్వాత మొదలు తీపిస్తరు. గిట్లాంటి పనికి నన్ను పిలిచిన్రు, ఎందుకు పిలిచిన్రో తెలిసి గూడ పోయిన. గది తప్పే. ఇగ అసొంటిదానికి పోను.

కట్టె బేరం మాత్రం ఇప్పటికిప్పుడు ఇడువలేను. ఇద్దరు పిలగాండ్లు నా మీద బతుకుతున్నరు.

తాడు_మోకు

విడవమని చెప్పే హక్కు నాకు లేదన్నా. నేను మార్చుకునేది చెప్తా. ఇకమీద ముందు భయమేంటో అడుగుతా, కింద వేళ్లు చూసి చెప్తా, మూడు రేట్లు రాసిస్తా. సాగరతీరం గారు చెప్పింది విన్నాక ‘ఎప్పుడూ చెయ్యను’ అనను. మాను చెడి, మొదలంటా తీయడానికి ఇంటివాళ్లు ఒప్పుకోక, కింద మనుషులు తిరిగే చోటైతే ఎత్తు తగ్గిస్తా, మళ్లీ ఎప్పుడు రావాలో కాగితం మీద పెడతా. గట్టి చెట్టుకు మాత్రం చెయ్యను. కట్టె ఇంటివాళ్లదే. కావాలంటే వాళ్లే అమ్ముకుని నా కూలి ఇవ్వొచ్చు.

ఆ పిలగాడి మాట మాత్రం నన్ను వదలడం లేదు. 2024లో గీత కార్మికులకు చెట్టు మీంచి పడకుండా కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇచ్చారు, మా బాబాయికి వచ్చింది. అవి తాటిచెట్టుకు చేసినవి, కొమ్మల చెట్టుకు పనికిరావు. మనకు వేరే తాడు, వేరే బెల్టు కావాలి.

కట్టె_బేరం

తాడు ఏది వాడుతున్నవే? నా దగ్గర ఉన్నది బావికాడ మోటరు దించే ప్లాస్టిక్ తాడు.

తాడు_మోకు

అది వెంటనే పక్కన పెట్టన్నా. ప్లాస్టిక్ తాడు రాపిడికి వేడెక్కి కరుగుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. మనుషులెక్కే తాడు విడిగా ఉంటుంది, 13 మిల్లీమీటర్లది, పైన అల్లిక ఉంటుంది. దాంతో కొమ్మలు దించొద్దు, దించడానికి ఇంకోటి పెట్టుకో. కోసేటప్పుడు రెండో కట్టు కూడా ఉండాలి. రంపం జారి ఒకటి తెగినా ఇంకోటి ఆపుతుంది. ఆదివారం మియాపూర్ మేడమ్ వాళ్ల నిద్రగన్నేరు చూడటానికి పోతున్నా, ఆవిడ ఒప్పుకున్నారు. నీ ఇద్దరు పిలగాండ్లను తీసుకుని పొద్దున 7 కల్లా రా. నా తాడే కట్టి ఎక్కిస్తా.