ఫోటో చూపిస్తే వస్తువుల పేర్లే చెబుతున్నారు, పని గురించి మాట రావట్లేదు

పోచంపల్లి ఇక్కత్ నేసే ఇళ్లలో, ఆడవాళ్ల కూలి లేని పని మీద ఫోటోలు చూపించి ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఒక్కొక్కరికి 10 ప్రింట్లు, 4×6 మ్యాట్ (గ్లాసీ అయితే ట్యూబ్‌లైటు మెరుపులో సగం కనపడదు). అన్నీ వాళ్లింట్లోనే 35 ఎంఎం లెన్సుతో, ఫ్లాష్ లేకుండా, అనుమతితో తీసినవే.

చిక్కల్లా ఆసు ఫోటో దగ్గరే. ఆసు పోయడమంటే నేతకు ముందు నూలును చట్రం మేకుల చుట్టూ చుట్టడం; చీర చీరకీ వేలసార్లు చెయ్యి అటూఇటూ తిప్పే పని అది. ఫోటో ఇస్తే "ఇది ఆసు, ఇది నా చెయ్యి" అని ఆపేస్తారు. భుజం నొప్పి ఊసే ఉండదు. మగ్గం ఫోటో వస్తే భర్త మాట అందుకుంటాడు.

మగ్గం ఫోటోలు తీసేసి చూశాను. ఫోన్ ఇచ్చి వాళ్లనే తీయమంటే కొత్త చీరలు, నవ్వుతున్న పిల్లలు వచ్చాయి (అదీ సమాచారమే, కానీ నాకు కావలసింది కాదు). ప్రింట్లను పొద్దుటి నుంచి రాత్రి దాకా వరసగా పేర్చమన్నప్పుడు మాత్రం కాస్త కదిలింది: ఆసును వంటకీ అంట్లకీ మధ్య పెట్టి "ఖాళీ దొరికినప్పుడు పోస్తానండి" అన్నారు.

అక్కడి నుంచి మాటను కూలి లెక్క దాకా తేవాలంటే, తర్వాత ఏ ఫోటో పెట్టి ఏమని అడగాలి?