16 గంటల విమానంలో కొత్త ఇండీ ఆల్బమా, అలవాటైన సినిమా పాటలా?

విండో సీటు:
వచ్చే గురువారం రాత్రి శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కుతున్నాను. దోహాలో మారి, అక్కడి నుంచి డల్లాస్‌కి దాదాపు 16 గంటలు. ఫోన్‌లో ఏం పాటలు వేసుకెళ్ళాలన్న దగ్గర నాకూ మా రూమ్మేట్‌కీ పెద్ద వాదన అయింది. ఇళయరాజా, కీరవాణి, రెహమాన్ పాటలు ఓ మూడొందలు ఎక్కించుకుని షఫుల్‌లో పెట్టి పడుకోమంటాడు వాడు. ఈసారి సినిమా పాట ఒక్కటి కూడా తీసుకెళ్ళనని నేను పంతం పట్టాను.

ఎందుకో చెప్తాను. మనం ఒక ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా కూర్చుని విని ఎన్నాళ్ళయింది? ఇంట్లో ఉంటే రెండో పాట మధ్యలోనే ఫోన్ మోగుతుంది. సినిమాల కోసం కాకుండా సొంతంగా పాటలు చేసుకునే ఇండీ వాళ్ళు చాలామంది పాటల వరుసను కూడా ఆలోచించి పేరుస్తారు. ముక్కలుగా వింటే అది పోతుంది. అమెరికా బ్యాండ్ బోన్ ఐవర్ మొదటి ఆల్బమే చూడండి. 2006-07 చలికాలంలో ఆ బ్యాండ్ గాయకుడు జస్టిన్ వెర్నన్ విస్కాన్సిన్‌లో వాళ్ళ నాన్న వేటకెళ్ళినప్పుడు ఉండే చెక్క ఇంట్లో ఒంటరిగా కూర్చుని చాలావరకు రికార్డు చేసుకున్నది. మొత్తం 40 నిమిషాలు కూడా ఉండదు. క్యాబిన్‌లో లైట్లు ఆర్పేశాక, అందరూ దుప్పట్లు కప్పుకున్నాక ఆ గొంతు వింటుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పోయినసారి విన్నాను. అలాంటివి ఇంకా కావాలి. గాయకుడు ప్రతీక్ కుహాడ్ 2018లో తెచ్చిన ఆరు పాటల 'కోల్డ్/మెస్', ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. వాళ్ళ 'బిస్మిల్లా' ఇప్పటికే వేసుకున్నాను. మీరేమంటారు? ఏవి చెప్తారు?

ఫ్రిస్కో పద్మ:
2006 నుంచి ఈ దారిన తిరుగుతున్నాను తమ్ముడూ. నీ ఉత్సాహం బాగుంది కానీ సినిమా పాటలు అసలు వద్దనుకోకు.

2014లో నాన్నగారికి సీరియస్‌గా ఉందని ఫోన్ వస్తే ఆ రాత్రి దొరికిన టికెట్ పట్టుకుని బయలుదేరాను. మా అబ్బాయి ప్రేమగా తనకిష్టమైన కొత్త బ్యాండ్ల పాటలు ఎక్కించి ఇచ్చాడు. ఒక్కటీ చెవి దాటి లోపలికి వెళ్ళలేదు. ముందు స్క్రీన్‌లో విమానం బొమ్మ కనిపిస్తుంది కదా, అట్లాంటిక్ మీదకి వచ్చాక అది ఎంతసేపు చూసినా కదలదు. అప్పుడు ఫోన్‌లో ఏ మూలో సుశీలమ్మ పాట ఒకటి దొరికింది. పొద్దున్నే పెరట్లో అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటూ నాన్న ఈల వేసే పాట. దోహా దాకా అదొక్కటే పెట్టుకున్నాను, ఎన్నిసార్లో లెక్క లేదు. మనం విమానం ఎక్కేది ఎప్పుడూ సరదాగా ఉన్నప్పుడే కాదు. ఇంటి గొంతు ఒకటి దగ్గర ఉండాలి.

సౌండు శీను:
నేను స్టేజి ప్రోగ్రాములకు సౌండ్ చేస్తాను. పద్మక్క మనసు గురించి చెప్పారు, నేను చెవి గురించి చెప్తాను.

విమానం లోపల రొద సుమారు 80 నుంచి 85 డెసిబెల్స్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం కింది స్థాయి హోరు. మామూలు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆ హోరులో ముందు బేస్ మునిగిపోతుంది, తర్వాత మెల్లగా పాడే గొంతు. విండో సీటు చెప్పినవన్నీ గిటార్ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినపడాల్సిన పాటలు. అవి వినపడక సౌండ్ పెంచుతాం. గంటల తరబడి అలా వింటే దిగేసరికి చెవులు గింగురుమంటాయి. తెలిసిన పాటకు ఆ ఇబ్బంది లేదు. సగమే వినపడినా మిగతా సగం మనసు పాడేసుకుంటుంది. పాత పాటలు విమానంలో బాగుండటానికి ఇదొక పెద్ద కారణం.

కొత్తవే కావాలంటే హోరుకు తట్టుకుని నిలబడేవి పట్టుకెళ్ళు. ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ వాళ్ళ ఆల్బమ్ 'కందీసా', 2000లో వచ్చింది. అందులో ఆ పేరుతో ఉన్న పాట కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, భాష అరమాయిక్. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు చెమరుస్తాయి. మలయాళం బ్యాండ్ అవియల్ 2008 ఆల్బమ్ ఉంది. బెంగళూరు బ్యాండ్ అగం వాళ్ళు త్యాగయ్య 'మనవ్యాలకించరాదటే'ను రాక్‌లో వాయించారు. నళినకాంతి రాగం డ్రమ్స్ మీద అలా పరుగెడుతుంటే ఏ ఇంజనూ దాన్ని ముంచలేదు.

విండో సీటు:
శీనన్నా, బయటి రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ ఉంటే నీ అభ్యంతరం చాలావరకు తీరిపోతుంది కదా? అసలు ఆ ఆలోచన పుట్టిందే విమానంలో. 1978లో బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ, ఇంజన్ల రొదలో సంగీతం వినపడక విసిగిపోయి, ఆ ప్రయాణంలోనే లెక్కలు వేసుకున్నాడు. ఇంగ్లండ్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో ఆల్బమ్ 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. రెండూ విమాన ప్రయాణం చికాకులోంచే పుట్టాయి. ఈనోది నాలుగే ముక్కలు, మొదటిదే 17 నిమిషాలకు దగ్గరగా ఉంటుంది. పియానో స్వరం ఒకటి పడుతుంది, ఆగుతుంది, మళ్ళీ పడుతుంది. పరిచయం లేని సంగీతం కంగారు పెడుతుందనుకునేవాళ్ళు అది ఒక్కసారి వినాలి.

పద్మక్కా, మీ అనుభవం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ అలవాటైన పాట మనల్ని ఎప్పుడూ ఉన్నచోటికే తీసుకెళ్తుంది. మొదటిసారి విన్న పాటకైతే ఆ ప్రయాణమే జ్ఞాపకం అవుతుంది. మూడేళ్ళ తర్వాత విన్నా నాకు ఆ సీటు, ఆ చలి గుర్తొస్తాయి. నాకు కావాల్సింది అదే.

సౌండు శీను:
ఆ హెడ్‌ఫోన్ హోరును తగ్గిస్తుంది, నిజమే. పసిపిల్లల ఏడుపు, పక్క సీట్ల మాటలు మాత్రం అంతగా ఆపలేదు. అయినా ఉన్నదాంట్లో అదే మంచిది. వైరు కూడా పెట్టుకో, దారిలో చార్జింగ్ అయిపోతే పనికొస్తుంది.

కృష్ణలంక మాస్టారు:
మీరంతా ఇండీ ఇండీ అంటున్నారు. విస్కాన్సిన్ దాకా వెళ్ళారు, ఢిల్లీ వెళ్ళారు, కేరళ వెళ్ళారు. తెలుగు ఒక్కటి రాలేదు. వచ్చినా త్యాగరాజస్వామి బెంగళూరు బ్యాండ్ పుణ్యమా అని వచ్చారు.

మా చిన్నప్పుడు దీన్నే ప్రైవేటు పాట అనేవాళ్ళం బాబూ. సినిమాతో సంబంధం లేకుండా రికార్డు ఇచ్చిన పాట. కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' ఘంటసాల పాడింది ప్రైవేటు రికార్డే. టంగుటూరి సూర్యకుమారి పాడిన లలిత గీతాలు ఉన్నాయి. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు రాసి, బాణీ కట్టి, పాడించినవి ఎన్నో. హైదరాబాద్ కేంద్రంలో మహాభాష్యం చిత్తరంజన్ గారు రేడియోలో పాట నేర్పుతుంటే మా అక్క నోటు పుస్తకంలో గబగబా రాసుకునేది. మధ్యలో ఒక చరణం తప్పిపోతే వారమంతా బాధపడేది. మీ 16 గంటల్లో వీటికి ఒక గంట ఇవ్వండి.

ఎర్రబస్సు:
మాస్టారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. ఆకాశవాణి ప్రభుత్వానిది, రికార్డులు కంపెనీలవి. ఇండీ అంటే ఎవరి కిందా లేకుండా సొంతంగా చేసుకునేది. అవి ఇండీ ఎలా అవుతాయండి?

కృష్ణలంక మాస్టారు:
డబ్బు ఎవరిదని నేను చూడలేదు బాబూ. హీరో ఎవరు, సన్నివేశం ఏమిటి అని అడగకుండా పుట్టిన పాట అన్నాను. తెలుగులో ఆ స్వేచ్ఛ దొరకడమే గగనం.

ఎర్రబస్సు:
ఆ మాట ఒప్పుకుంటాను. నాలుగేళ్ళు కాలేజీ బ్యాండ్‌లో పాడాను. సొంత పాట పాడి దిగగానే జనం అడిగే మొదటి ప్రశ్న, "ఏ సినిమాలోది?" బాగుందా లేదా అన్నది తర్వాత.

అందుకే చౌరస్తా వాళ్ళంటే నాకంత ఇష్టం. హైదరాబాద్ బ్యాండ్. అందులో పాడిన రామ్ మిరియాల ఆ తర్వాత సినిమాల్లో పెద్ద హిట్లు పాడాడు గానీ నాకు మాత్రం 'ఊరెళ్ళిపోతా మామా' దగ్గరే ఉన్నాడు. పట్నం పడక, ఎర్రబస్సెక్కి ఊరికి తిరిగి పోతాననే మనిషి పాట. విండో సీటూ, శంషాబాద్‌లో రన్‌వే మీద విమానం పరుగు తీసేటప్పుడు ఇది పెట్టుకో. ఊరు వదిలి పోతూ ఆ పాట వింటే ఎలా ఉంటుందో వచ్చి చెప్పు. సినిమా పాట వద్దన్నావు కదా, ఇది సినిమాది కాదు.

ఫ్రిస్కో పద్మ:
నేను ఇప్పుడే విన్నాను. ఇలాంటిదైతే కొత్త పాటైనా నాకు అభ్యంతరం లేదు. 'పుష్పవిలాపం' కూడా వేసుకో తమ్ముడూ, మాస్టారి మాట కాదనకు.

మరో సంగతి. డౌన్‌లోడ్ చేశాం కదా అని ధీమాగా ఉండొద్దు. కొన్ని యాప్‌లలో నెలకోసారైనా నెట్‌కు కలపకపోతే దాచిన పాటలు మోగవు. నాకు ఒకసారి నడి ఆకాశంలో అన్నీ బూడిద రంగులోకి మారిపోయాయి. బయలుదేరే రోజు ఇంట్లోనే ఫ్లైట్ మోడ్ పెట్టి ఒకటి రెండు పాటలు మోగించి చూసుకో.

విండో సీటు:
నిన్న డల్లాస్ చేరాను. నిద్ర పట్టక రాస్తున్నాను.

ఎర్రబస్సూ, నువ్వు చెప్పినట్టే రన్‌వే మీద పెట్టాను. రెండో చరణం దాకా కూడా వినలేకపోయాను, ఆపేశాను. అమ్మ గేటు బయట ఇంకా నిలబడే ఉంటుందని తెలుసు.

దోహా నుంచి నా పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చున్నారు. తెనాలి దగ్గర ఊరట, కూతురి పురుడికి వెళ్తున్నారు, విమానం ఎక్కడం అదే మొదటిసారి. ముందున్న స్క్రీన్ ఎలా నొక్కాలో తెలియక దాన్ని అలా చూస్తూ కూర్చున్నారు. భోజనాలయ్యాక నేను ఈనో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే మెల్లగా చెయ్యి తట్టి, "పాటలేమైనా ఉన్నాయా బాబూ?" అని అడిగారు. నా ఫోన్‌లో ఆవిడకు తెలిసినది ఏముందా అని వెతికాను. 'పుష్పవిలాపం' ఒక్కటే కనిపించింది. హెడ్‌ఫోన్ తీసి ఆవిడ తలకు సరిచేసి పెట్టాను. పెదవులు కదుపుతూ మొత్తం విన్నారు. ఆ కాసేపూ నా చెవుల్లో ఇంజన్ల హోరే.

అయిపోగానే, "నువ్వు వినేవి కూడా పెట్టు, ఎలా ఉంటాయో చూస్తాను" అన్నారు. చౌరస్తా పాట పెట్టాను. సగంలో హెడ్‌ఫోన్ ఒక పక్క ఎత్తి, "బాగుంది బాబూ, ఏ సినిమాలోది?" అన్నారు.

సినిమాలోది కాదండీ, కుర్రాళ్ళు సొంతంగా చేసుకున్నారన్నాను. కాసేపు నా మొహం చూసి, "అయితే మళ్ళీ పెట్టు, మొదటి నుంచీ" అన్నారు.