జావాస్క్రిప్ట్ మ్యాప్‌లో విలువలు చేర్చినా సైజ్ సున్నాగానే ఎందుకు ఉంటోంది?

ప్రశ్న:

నమస్కారం. ఒక పెద్ద ఆంగ్ల పాఠంలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రోగ్రామును జావాస్క్రిప్ట్‌లో రాస్తున్నాను. మొదట మామూలు ఆబ్జెక్టు వాడినప్పుడు దాదాపు అన్ని పదాలకూ లెక్క సరిగానే వచ్చింది గానీ, "కన్‌స్ట్రక్టర్" అన్న పదానికి మాత్రం సంఖ్యకు బదులు ఏదో ఫంక్షన్ పాఠమూ, దాని చివర అంటుకుని ఒక 1 అంకే వచ్చాయి. ఇటువంటి పనికి మ్యాప్ (కీ అనే గుర్తుకు ఒక విలువను జతచేసి దాచే నిర్మాణం) తగినదని చదివి, ఆబ్జెక్టు సృష్టించిన చోట "న్యూ మ్యాప్()" అని మార్చి, మిగతా కోడును యథాతథంగా ఉంచాను. ఇప్పుడు లెక్క అని పేరుపెట్టిన ఆ మ్యాప్‌ను లెక్క[పదం] అని అడిగితే విలువ వస్తోంది, కానీ లెక్క.సైజ్ ఎప్పుడూ 0 చూపిస్తోంది, ఫర్-ఆఫ్ లూపు ఒక్కసారి కూడా తిరగడం లేదు, మొదటి సమస్య కూడా తీరలేదు. కారణం దయచేసి వివరించగలరా?

జవాబు:

మీరు మార్చకుండా వదిలిన చదరపు బ్రాకెట్లే కారణమండీ. మ్యాప్ కూడా ఒక ఆబ్జెక్టే కాబట్టి లెక్క[పదం] = 1 అని రాస్తే జావాస్క్రిప్ట్ అభ్యంతరం చెప్పదు; ఆ ఆబ్జెక్టుకు ఆ పేరుతో ఒక ప్రాపర్టీని తగిలించి ఊరుకుంటుంది. మ్యాప్ తన కీ-విలువల జతలను దాచుకునే చోటు ఈ ప్రాపర్టీలకు పూర్తిగా వేరు. అక్కడికి సెట్, గెట్, హాజ్, డిలీట్ వంటి మెథడ్ల ద్వారానే చేరగలం. సైజ్, లూపు రెండూ చూసేది ఆ చోటునే. అందువల్ల మీ విలువలన్నీ బయట వేలాడుతుండగా లోపల నిజంగానే ఏమీ లేదు. లెక్కను పెంచే వరుసను ఇలా మార్చండి:

లెక్క.సెట్(పదం, (లెక్క.గెట్(పదం) ?? 0) + 1)

లేని కీని అడిగితే గెట్ అన్‌డిఫైన్డ్ (విలువ లేదన్న సూచన) ఇస్తుంది, దాని స్థానంలో ?? గుర్తు 0ను నిలబెడుతుంది. విలువగా అన్‌డిఫైన్డ్‌నే దాచే అవకాశం ఉన్న చోట గెట్ మీద ఆధారపడకుండా హాజ్‌తో అడగడం క్షేమం.

ఇక "కన్‌స్ట్రక్టర్" సంగతి. మామూలు ఆబ్జెక్టులో ఆ పేరును మీరు చేర్చకపోయినా, ప్రోటోటైప్ (ఆబ్జెక్టులన్నీ లక్షణాలు పంచుకునే మాతృక) నుంచి వారసత్వంగా వచ్చిన ఒక ఫంక్షన్ ఆ పేరుతో దొరుకుతుంది. ఫంక్షన్‌కు 1 కలిపితే జావాస్క్రిప్ట్ దాన్ని స్ట్రింగుగా (పాఠంగా) మార్చి పక్కన 1 అతికిస్తుంది. బ్రాకెట్లతో వాడినంతకాలం మ్యాప్‌లోనూ ఇదే జరుగుతుంది, నిజానికి ఇంకా ప్రమాదకరంగా జరుగుతుంది: మీ పాఠంలో "గెట్" అన్న పదం వస్తే ఆ అతికిన స్ట్రింగు మ్యాప్ యొక్క గెట్ మెథడ్‌ను కప్పేస్తుంది, ఆ తరువాత గెట్‌ను పిలిచిన ప్రతిసారీ అది ఫంక్షన్ కాదన్న లోపం వస్తుంది. సెట్, గెట్ మెథడ్లతో మాత్రమే పని నడిపితే ప్రోటోటైప్ జోలికే పోము కనుక ఏ పదమైనా కీగా నిశ్చింతగా పనిచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలు, లెక్క ఇప్పుడు సరిగా వస్తోంది. మరో రెండు చోట్ల ఆగిపోయాను. ఫలితాన్ని డేటాను పాఠంగా మార్చే జేసన్.స్ట్రింగిఫైకి ఇస్తే ఖాళీ {} మాత్రమే వస్తోంది. అలాగే వరుస సంఖ్య కీగా ఉన్న మరో మ్యాప్‌లో 5 అనే కీ కన్సోల్‌లో స్పష్టంగా కనిపిస్తున్నా, ఇన్‌పుట్ పెట్టెలో 5 టైపు చేసి వెదికితే అన్‌డిఫైన్డ్ అంటోంది.

జవాబు:

మొదటిదానికి మూలం మళ్ళీ అదే. స్ట్రింగిఫై ఆబ్జెక్టు ప్రాపర్టీలను చూస్తుంది గానీ మ్యాప్ లోపలి జతలను చూడదు. కీలన్నీ స్ట్రింగులే అయితే 2019 ప్రమాణంలో వచ్చిన ఆబ్జెక్ట్.ఫ్రమ్‌ఎంట్రీస్‌తో మామూలు ఆబ్జెక్టుగా మార్చి పంపవచ్చు. ఇందులో రెండు చిక్కులున్నాయి: అంకెల్లా కనిపించే కీలు ఆబ్జెక్టులో ఆరోహణ క్రమంలో ముందుకు వచ్చేస్తాయి, సంఖ్య 5, స్ట్రింగు "5" రెండూ కీలుగా ఉంటే ఒకటైపోతాయి. క్రమమూ, సంఖ్యా కీలూ చెడకుండా ఉండాలంటే అరే.ఫ్రమ్(లెక్క)తో జతల అరేగా (జాబితాగా) మార్చి దాచుకుని, తిరిగి చదివేటప్పుడు జేసన్.పార్స్ ఇచ్చిన అరేను నేరుగా న్యూ మ్యాప్‌కు అందించడం మేలు. నేనైతే రెండో పద్ధతినే ఎంచుకుంటాను.

రెండోది అందరూ తడబడే చోటు. ఇన్‌పుట్ పెట్టె వాల్యూ ఎప్పుడూ స్ట్రింగే. ఆబ్జెక్టులో సంఖ్య ఎలాగూ స్ట్రింగుగా మారిపోతుంది కాబట్టి ఈ తేడా బయటపడదు. మ్యాప్ మాత్రం 5ను, "5"ను రెండు వేర్వేరు కీలుగా చూస్తుంది. విలువ ప్రోగ్రాములోకి అడుగుపెట్టే చోటనే నంబర్() తో ఒకసారి మార్చేయండి, వెదికే ప్రతి చోటా కాదు.

ఆబ్జెక్టును కీగా పెట్టినా ఇలాంటి జాగ్రత్తే కావాలి. లోపలి విషయం ఒకటే అయినా విడిగా సృష్టించిన రెండు ఆబ్జెక్టులు మ్యాప్‌కు రెండు కీలు. నిలువు, అడ్డం స్థానాలతో గడులను గుర్తించాలనుకుంటే "3,7" వంటి స్ట్రింగును కీగా కూర్చుకోవడమే సులువు. అన్నట్టు, నాన్ (NaN, సంఖ్య కాదని తెలిపే విలువ) తనతో తానే సమానం కాకపోయినా మ్యాప్‌లో కీగా పెడితే దొరుకుతుంది. అక్కడ పోలిక నియమం వేరు.

మరొక సభ్యుడు:

ఎక్కువసార్లు వచ్చిన పదాలు ముందు కనిపించాలంటే మ్యాప్‌కు సార్ట్ మెథడ్ లేదని గుర్తుంచుకోండి. [...లెక్క] అని అరేగా పరచి, సార్ట్((అ, ఆ) => ఆ[1] - అ[1]) అని క్రమపరచండి. మ్యాప్ తన జతలను చేర్చిన క్రమంలో ఉంచుతుంది. ఉన్న కీకి కొత్త విలువ ఇచ్చినా దాని స్థానం మారదు, తొలగించి మళ్ళీ చేరిస్తేనే చివరకు పోతుంది. ఫర్‌ఈచ్ వాడితే కాల్‌బ్యాక్‌కు ముందు విలువ, తరువాత కీ అందుతాయి. దీన్ని తారుమారు చేసి రాయడం చాలా మామూలు. అయితే పేరు, వయసు వంటి ముందే తెలిసిన నిశ్చిత క్షేత్రాలున్న రికార్డుకు మ్యాప్ అనవసరం, అక్కడ ఆబ్జెక్టే చదవడానికి హాయిగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:

చివరిగా ఒక్కటి. మెమరీ ఆదా అవుతుందని వీక్‌మ్యాప్ వాడమని ఒకరు సూచించారు. పదాల లెక్కకు అది నప్పుతుందా?

జవాబు:

నప్పదండీ. వీక్‌మ్యాప్‌కు స్ట్రింగును కీగా ఇస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది, దానికి సైజ్ లేదు, లూపుతో తిరగడమూ కుదరదు. పేజీలోని ఎలిమెంట్ల వంటి ఆబ్జెక్టులకు అదనపు సమాచారం జోడించి, ఆ ఆబ్జెక్టును ఇంకెవరూ వాడనప్పుడు ఆ సమాచారం కూడా మెమరీ నుంచి తొలగిపోవాలనుకునే చోట దాన్ని వాడాలి. మీ ప్రోగ్రాములో పని పూర్తయ్యాక లెక్క.క్లియర్() పిలవండి, అది సరిపోతుంది.