మారిషస్ దక్షిణ తీరం: ఒక్కరోజు టాక్సీ టూర్ చాలా, అక్కడే ఉండాలా?

గోదారి గట్టు:
డిసెంబరులో పిల్లలు, అత్తమామలతో కలిసి మారిషస్ వెళ్తున్నాం. ఏజెంటు ఇచ్చిన ప్లానులో బస మొత్తం ఉత్తరాన గ్రాండ్ బేలోనే, దక్షిణానికి ఒక్కరోజు కారు. నాకేమో సూయాక్, బే దు కాప్ వైపు రెండు మూడు రాత్రులు ఉండాలని ఉంది. మావారు "అక్కడ చెరుకు తోటలు తప్ప ఏముంది" అంటున్నారు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

బెజవాడ బాబు:
మీవారే రైటండి. ద్వీపం మొత్తం పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ఈ మాత్రం దానికి పెట్టెలు సర్దుకుని హోటల్ మారడం దేనికి? పొద్దున్నే బయల్దేరితే గంగా తలావ్‌లో శివుడి విగ్రహం, షమరేల్ రంగుల మట్టి, జలపాతం, ల మోర్న్ బీచ్ అన్నీ చూసుకుని రాత్రి భోజనానికి వచ్చేయొచ్చు. దక్షిణాన చీకటి పడితే ఊళ్ళు సద్దుమణిగిపోతాయి, బస్సులు కూడా ఉండవు. పెద్దవాళ్ళు అన్నం, చారు అడిగితే ఎక్కడ తెస్తారు?

కోరంగి రేవు:
ఉద్యోగం వల్ల ఇక్కడే ఉంటున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తా.

బాబు గారూ, మీరు చెప్పిన దూరాలు కరెక్టే, కానీ విమానాశ్రయం ఉన్నది ఆగ్నేయాన, మహేబూర్ పక్కన. దిగగానే దక్షిణాన్ని వదిలేసి, పోర్ట్ లూయీ ట్రాఫిక్ దాటుకుని ఉత్తరం చివరికి పోవడం, మళ్ళీ ఒకరోజు అదే దారిలో వెనక్కి రావడం, ఆ పూటే తిరిగి వెళ్ళడం! ఆ రోజు సగం కారులోనే గడిచిపోతుంది. మొదటి మూడు రాత్రులు దక్షిణాన ఉండి, తర్వాత ఉత్తరానికి వెళ్తే హోటల్ మారేది ఒక్కసారే.

ఇంకోటి, మీరు చెప్పిన లిస్టు చూడండి. అన్నీ కారు ఆపి, ఫొటో దిగి, మళ్ళీ కారెక్కే చోట్లు. సూయాక్ నుంచి బెల్ ఓంబ్ర్, బే దు కాప్ మీదుగా ల మోర్న్ దాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ ఒక రోడ్డు ఉంది. నన్నడిగితే ఈ దేశంలో అంతకంటే మంచి దారి లేదు. మకొండే దగ్గర కొండరాయి చుట్టూ రోడ్డు ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. పైన చిన్న వ్యూ పాయింట్, ఎక్కడానికి నిటారు మెట్లు, కింద లోతులేని నీళ్ళలో నిలబడి గేలం వేసేవాళ్ళు. ఇక్కడ పావుగంటలో చూసేసేది ఏమీ లేదు, తీరిగ్గా కూర్చోవాలి. టూర్ డ్రైవరుకు ఆ తీరిక ఎక్కడిది, ఆయనకి షమరేల్ గేటు మూసేలోపు చేరాలన్న టెన్షన్.

సూయాక్‌లో గ్రి గ్రి అనే తీరం సంగతి వేరు. ద్వీపం చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బలు అలల్ని దూరంగానే ఆపేస్తాయి, అందుకే మిగతా బీచ్‌లు చెరువుల్లా ఉంటాయి. ఇక్కడ ఆ దిబ్బ తెగిపోయింది. అందుకని సముద్రం నేరుగా వచ్చి నల్లరాతి గట్టును కొడుతుంది. సరుగుడు చెట్ల మధ్య పచ్చిక మీద నిలబడితే పాదాల కింద అదురు తెలుస్తుంది. కాస్త నడిస్తే 'ఏడ్చే రాయి' ఉంది, అల వెనక్కి పోయినప్పుడల్లా ఆ రాతి ముఖం మీద నీళ్ళు చారలు కట్టి జారుతుంటాయి.

ఇక "చెరుకు తోటలు తప్ప ఏముంది" అన్న మాట. అమ్మా, ఆ తోటల మధ్యలో నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి, ఇల్లంత ఎత్తువి కూడా. అవి ప్రకృతి పేర్చినవి కావు. పొలం చదును చేయడానికి కూలీలు చేతుల్తో ఏరి పోసిన రాళ్ళు. 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయ్యాక తోటల పనికి మన దేశం నుంచి ఓడల్లో తెచ్చినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవులో ఎక్కారని వాళ్ళని 'కోరంగి' అనే పిలిచేవారు. వాళ్ళ మునిమనవలు ఇంట్లో ఇక్కడి క్రియోల్ భాష మాట్లాడినా ఇప్పటికీ రామభజనం చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. ఉగాదికి ఈ దేశంలో ప్రభుత్వ సెలవు. ఆ రాళ్ళగుట్టని కారు అద్దంలోంచి చూసి వెళ్ళిపోవడం నాకైతే మనసొప్పదు.

బెజవాడ బాబు:
చరిత్ర మీద నాకూ గౌరవం ఉందండి. కానీ ఆవిడ తీసుకెళ్ళేది పిల్లల్ని. గ్రి గ్రిలో ఈతకి దిగలేరు, జూలై, ఆగస్టుల్లో ఆగ్నేయపు గాలి ఆ తీరాన్ని వాయించేస్తుంది. పిల్లలు ఏం చేయాలి? భోజనం సంగతీ మీరు చెప్పలేదు.

ఉత్తరాంధ్ర ఉష:
మా అమ్మానాన్నలతో ఆ వైపే ఉన్నాం కాబట్టి చెప్తున్నా. బాబు గారి భయం నిజమే, కానీ దానికి దారి గ్రాండ్ బే ఒక్కటే కాదు. సూయాక్ బదులు బ్లూ బే, మహేబూర్ దగ్గర ఇల్లు తీసుకోండి. ఎయిర్‌పోర్టుకి దగ్గర, నీళ్ళు నిలకడగా ఉంటాయి, బ్లూ బే మెరైన్ పార్కులో అడుగున గాజు ఉన్న పడవల్లోంచి పగడాలు చూడొచ్చు, పిల్లలకి అది చాలు. సోమవారం మహేబూర్ సంత చూడండి. వంటగది ఉన్న ఇళ్ళు దొరుకుతాయి, అన్నం మీరే వండుకోవచ్చు. సంతలో దాల్ పూరీ కూడా తినిపించండి. పప్పు నూరి లోపల పెట్టి కాల్చిన పల్చటి రొట్టెలు, రెండేసి కలిపి, చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్, పచ్చిమిర్చి పచ్చడి వేసి కాగితంలో చుట్టిస్తారు. మా నాన్న రోజూ అదే అడిగారు.

కోరంగి రేవు:
ఉష గారి ప్లాన్ బాగుంది. మహేబూర్ నుంచి సూయాక్‌కి కారులో గంట కూడా పట్టదు. గాలి గురించి: డిసెంబరులో అంత ఉండదు, కానీ తుఫాన్ల సీజన్ మొదలై ఉంటుంది, కాబట్టి రద్దు చేసుకునే వీలున్న గదులే బుక్ చేయండి. మీ అత్తమామల్ని మకొండే మెట్లు ఎక్కించొద్దు, కింద రోడ్డు పక్క నుంచి కూడా సముద్రం బాగానే కనిపిస్తుంది. గ్రి గ్రిలో పిల్లల్ని గట్టు అంచుకి పంపకండి, కింద ఇసుక ఎంత ఊరించినా నీళ్ళలోకి మాత్రం దింపొద్దు, ఈత ప్రమాదమని అక్కడ బోర్డు ఊరికే పెట్టలేదు.