ఫ్యాక్టరీ ఉద్యోగాలను ప్రభుత్వం కాపాడగలదా? మీ అనుభవాలు చెప్పండి

పాత ఫిట్టర్: మా విడిభాగాల ఫ్యాక్టరీలో సగం లైన్లను వేరే దేశానికి తరలిస్తున్నామని నోటీసు పెట్టారు. మిగిలిన లైన్లకు రోబోలు వస్తాయట. ప్రభుత్వమే అడ్డుకోవాలని యూనియన్‌లో అందరూ అంటున్నారు. నిజంగా అడ్డుకోగలదా? అడ్డుకున్న చోట తరువాత ఏమైంది? దగ్గరుండి చూసినవారు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు.

వెల్డింగ్ షాపు: మా దగ్గర ఒకదాన్ని ఆపితే రెండోది ఊపందుకుంది. పన్ను రాయితీ ఇచ్చి తరలింపు ఆపించారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. రాయితీతో మిగిలిన డబ్బు పెట్టి యాజమాన్యం రోబోలు కొన్నది. స్పాట్ వెల్డింగ్‌లో ఇప్పుడు మనుషులు దాదాపు లేరు. ఒప్పందంలో పెట్టుబడి ఎంతో రాశారు గానీ, ఎంతమందిని పనిలో ఉంచాలో రాయలేదు. ఒప్పందం కాపీ చూపించమని యూనియన్ ముందే అడిగింది, వ్యాపార రహస్యమన్నారు. ప్రజల డబ్బుతో చేసే ఒప్పందంలో రహస్యమేమిటి?

లెక్కల పుస్తకం: అమెరికాలోనూ ఇదే జరిగింది. 2016 చివర్లో ఏసీలు, ఫర్నేసులు చేసే క్యారియర్ కంపెనీ తన ఇండియానాపొలిస్ ఫ్యాక్టరీని మెక్సికోకు తరలించకుండా ఇండియానా రాష్ట్రం 70 లక్షల డాలర్ల రాయితీలు ఇవ్వజూపింది. అక్కడ పెట్టే పెట్టుబడి ఆటోమేషన్‌కు వెళ్తుందని, చివరికి ఉద్యోగాలు తగ్గుతాయని మాతృసంస్థ అధిపతి కొద్ది రోజులకే టీవీలో చెప్పారు.

అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎలక్ట్రానిక్స్ తయారీ కంపెనీ ఫాక్స్‌కాన్ 2017లో 13,000 ఉద్యోగాలని మాట ఇచ్చి, 2021 సవరణ ఒప్పందంలో 1,454కు దిగింది. ఉద్యోగాలు చూపించాకే పన్ను రాయితీ అనే షరతు ఉండబట్టి రాష్ట్ర ఖజానా చాలావరకు బయటపడింది. రోడ్లకూ భూమికీ స్థానిక ప్రభుత్వాలు పెట్టిన ఖర్చు మాత్రం అప్పటికే అయిపోయింది.

సుంకాల సంగతి కూడా చూడండి. 2018లో అమెరికా దిగుమతి వాషింగ్ మెషీన్లపై సుంకం వేశాక ధరలు 12 శాతం దాకా పెరిగాయి. సుమారు 1,800 ఉద్యోగాలు వచ్చాయి. ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారులపై ఏటా పడిన భారం 8 లక్షల డాలర్లకు పైమాటేనని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

కుట్టు లైను సూపర్‌వైజర్: నేను అవతలి వైపు మనిషిని. వేరే దేశంలో పోయిన పని మా యూనిట్‌కు వచ్చింది, కొన్నేళ్లకు అది ఇంకో దేశానికి వెళ్లిపోయింది. దుస్తుల కుట్టులో రోబోల భయం తక్కువే. గుడ్డ మెత్తగా జారుతుంది, సాగుతుంది, యంత్రం దాన్ని పట్టుకోలేదు. అందుకే పని కూలి తక్కువున్న చోటికి పోతుంది.

సంపన్న దేశాలు దీన్ని ఆపాలనే 1974 నుంచి మల్టీ ఫైబర్ ఒప్పందం కింద దుస్తుల దిగుమతులకు దేశాలవారీగా కోటాలు, అంటే పరిమితులు పెట్టాయి. ఒక దేశం కోటా నిండితే కొనుగోలుదారులు కోటా మిగిలిన దేశాన్ని వెతుక్కున్నారు. బంగ్లాదేశ్‌లో ఈ పరిశ్రమ పెరగడానికి అదొక కారణం. ఆపడానికి పెట్టిన కోటాలే కొత్త పోటీదారులను తయారుచేశాయన్నమాట. 2005 జనవరి 1న కోటాలు పూర్తిగా పోయాయి. ఆలోపే ఆ సంపన్న దేశాల్లో చాలా కుట్టు పని పోయింది.

మెయింటెనెన్స్: రోబోలను నిందించి లాభం లేదు. దక్షిణ కొరియాలో ప్రతి 10,000 మంది ఫ్యాక్టరీ కార్మికులకు వెయ్యికి పైగా రోబోలున్నాయి, ప్రపంచంలో అదే అత్యధికం. అయినా మొత్తం ఉద్యోగాల్లో తయారీ రంగం వాటా అక్కడ అమెరికా కంటే ఎక్కువ.

మా ఫ్యాక్టరీలో రోబోలు రాకముందే, జీతం ఇస్తూ, షిఫ్టు సమయంలోనే మాకు పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్) ప్రోగ్రామింగ్ నేర్పారు. ఆ బ్యాచ్‌లో దాదాపు అందరం నిలబడ్డాం. తొలగించాక ప్రభుత్వ శిక్షణ కేంద్రానికి పంపినవారిలో తిరిగి వచ్చినవారు చాలా తక్కువ. ఇల్లు గడవక చేతికందిన పనిలో చేరిపోయారు. ప్రభుత్వం డబ్బు పెట్టాల్సింది ఆ ముందు దశలో.

లెక్కల పుస్తకం: జర్మనీ కుర్ట్సార్‌బైట్ కూడా అలాంటిదే. పని గంటలు తగ్గినప్పుడు కోల్పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం ప్రభుత్వ సంస్థ ఇస్తుంది. 2009లో ఒక దశలో 14 లక్షల మందికి పైగా దాని కింద ఉన్నారు. కానీ అది ఆర్డర్లు తాత్కాలికంగా పడిపోయినప్పటి మందు. లైనే వెళ్లిపోతుంటే పనికిరాదు.

డై మేకర్: ఫిట్టర్ గారూ, మీ నోటీసులో తరలించే వాటిలో టూల్ రూమ్, అంటే డైలు (విడిభాగాలకు ఆకారమిచ్చే అచ్చులు) చేసే విభాగం, ఉందా? అసెంబ్లీ పోయినా టూల్ రూమ్ ఉంటే కొత్త మోడల్ పని తెచ్చుకోవచ్చు. డైలు చేసే చేతులు చెదిరిపోతే మళ్లీ కూడగట్టడానికి ఏళ్లు పడుతుంది. రాయితీ కోసం యాజమాన్యం ఎలాగూ ప్రభుత్వం దగ్గరికి వెళ్తుంది. అప్పుడు టూల్ రూమ్ ఇక్కడే ఉండాలని, ఉద్యోగుల సంఖ్య తగ్గితే డబ్బు వెనక్కివ్వాలని రాయించండి.

పాత ఫిట్టర్: ఉందండీ, మొదటి విడతలోనే. రాయితీ దరఖాస్తు ఇంకా పెట్టలేదని విన్నాను. సమావేశంలో ఈ రెండు షరతులూ, మెయింటెనెన్స్ గారు చెప్పిన శిక్షణా ముందుపెడతాను. ఇలాంటి షరతు ఎక్కడైనా రాయించుకున్నవారుంటే ఆ వాక్యాలు యథాతథంగా ఇక్కడ పెట్టండి.