దేవుని పిలుపు మృదువైనదా, బలవంతమైనదా?

పలమనేరు పాఠకుడు:
ఉజ్జీవ సభలకు వెళ్తే ఈ మధ్య ఒకటే వరస. మైకు పగిలేలా “ఈ రాత్రే ఆఖరి అవకాశం” అని కేకలు, వెనుక కీబోర్డు, ముందు ఏడుపులు. ఏలీయా ప్రవక్తకు గాలిలో, భూకంపంలో, మంటలో కనబడని దేవుడు ఆ తర్వాత నిమ్మళమైన స్వరంతో మాట్లాడాడని చదువుకునే మనం స్పీకర్లను ఇంతగా నమ్ముకోవడం ఏమిటి? దేవుడు ప్రేమతో పిలుస్తాడు, లాక్కుపోడు. కాదనేవారు చెప్పండి.

చిత్తూరు సండేస్కూలు టీచరు:
నేను కాదంటాను. యేసు శిష్యులను హింసించడానికి వెళ్తున్న సౌలు దమస్కు దారిలో ఎందుకు నేలకూలాడు? మూడు రోజులు చూపు లేదు, తిండి లేదు, నీళ్లు లేవు. యేసు చెప్పిన విందు ఉపమానంలో యజమాని, బలవంతం చేసైనా లోపలికి తీసుకురమ్మన్నాడు. ఇక నీనెవె నగరానికి వెళ్లమంటే పారిపోయి చేప కడుపులో పడ్డ యోనా ప్రవక్త సంగతి సరే సరి! మైకుల గోల నాకూ గిట్టదు, అది వేరే మాట.

పలమనేరు పాఠకుడు:
సౌలును కూడా యేసు రెండుసార్లు పేరు పెట్టి పిలిచి, “నన్నెందుకు హింసిస్తున్నావు?” అని అడిగాడండీ. యేసు దగ్గరికి వచ్చిన ఆస్తిపరుడి కథ చూడండి. యేసు అతణ్ణి చూసి ప్రేమించాడని మార్కు తన సువార్తలో రాశాడు. ఆస్తి అమ్మి పేదలకు ఇమ్మనగానే అతడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. యేసు వెంటపడలేదు, షరతూ సడలించలేదు.

తిరుపతి వాసి:
మధ్యలో వచ్చానని ఏమీ అనుకోకండి. కొండ మీద తెల్లవారుజామున సుప్రభాతం పాడి స్వామిని మేమే మేలుకొలుపుతాం. మీ దగ్గర మేలుకోవలసింది మనిషన్నమాట. లేవనని మొండికేస్తే?

వేలూరు దారి ప్రయాణికుడు:
మొండికేసినవారిలో ఐడా స్కడర్ ఒకరు. చిత్తూరు వాళ్లకు వేలూరు ఆసుపత్రి తెలియనిది కాదు. 1900లో ఒక్క మంచంతో దానికి అంకురం వేసిన ఈమెకు మొదట మిషనరీ కావాలన్న కోరికే లేదు. తల్లికి ఒంట్లో బాగోలేదని అమెరికా నుంచి తిండివనం వచ్చింది, తిరిగి వెళ్లిపోదామనే. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. డాక్టరైన తండ్రిని పంపుతానంటే, పరపురుషుడు చూడకూడదని వెనుదిరిగారు. వైద్యం తెలియని ఆమె చేయగలిగిందేమీ లేదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు భార్యలూ చనిపోయారు.

ఆమెను పిలవడానికే దేవుడు వాళ్లను చంపాడని ఎవరైనా బోధిస్తే నేను ఆ చర్చిలో కూర్చోను. ప్రాణాలు తీసింది ఆనాటి కట్టుబాట్లు, వైద్యురాలు లేకపోవడం. పిలుపు తలుపు చప్పుడులో ఉంది. పెట్టె సర్దుకుని వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆమె వైద్యం చదివి, 1899లో పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చింది. నా దృష్టిలో మృదువంటే నొప్పి లేనిదని కాదు, కాదనే వీలు ఉన్నదని.

చిత్తూరు సండేస్కూలు టీచరు:
మరి యోనాకు ఆ వీలేదీ? ఓడెక్కి పారిపోయినా వదల్లేదే.

వేలూరు దారి ప్రయాణికుడు:
యోనా గ్రంథం దేవుని ప్రశ్నతో ఆగిపోతుంది. నీనెవెలోని లక్షా ఇరవై వేలకు పైగా జనం మీద నేను జాలిపడవద్దా అంటాడు. యోనా ఏమన్నాడో రాసి లేదు.

చిత్తూరు సండేస్కూలు టీచరు:
మూడు రోజులు చేప కడుపులో ఉంచి, ఆ తర్వాత అడిగిన ప్రశ్న అండీ అది! ఆదివారం పిల్లలకు ఇదే పాఠం. మీ మాట చెబుతాను, నా మాటా చెబుతాను.