లెవెలిన్ "అప్" గ్రిఫిద్: ఈ అప్ మన అప్పేనా?

ప్రశ్న: వేల్స్ రాజుల చరిత్ర మీద ఏదో వీడియో చూస్తుంటే ప్రతి పేరు మధ్యలో "అప్" తగులుతోంది. లెవెలిన్ అప్ గ్రిఫిద్, రీస్ అప్ టామస్. మన అప్ప, అప్పన్న, అప్పారావు గుర్తొచ్చి అడుగుతున్నాను. తండ్రి అనే అర్థమేనా? ద్రావిడ మూలం ఏమైనా ఉందంటారా?

జవాబు: ఆశ పెట్టుకోకండి సార్, చుట్టరికం లేదు. పైగా అర్థం తిరగబడింది. అప్ అంటే తండ్రి కాదు, కొడుకు. గ్రిఫిద్ కొడుకు లెవెలిన్, అంతే. 1282 డిసెంబరు 11న కిల్మెరి దగ్గర ఇంగ్లండు సైన్యం చేతిలో చనిపోయాడు. వెల్ష్‌వాళ్ళు "మా ఆఖరి నాయకుడు" అని తలుచుకునేది ఈయన్నే.

అసలు మాట "మాబ్", పాత రాతల్లో "మాప్". ఐరిష్ "మాక్" దీనికి తోబుట్టువు. ఒకే పాత ధ్వని అక్కడ క అయింది, ఇక్కడ ప అయింది. ఐదుని వెల్ష్‌లో పింప్ అంటారు, ఐరిష్‌లో కూగ్. మరి మాప్‌లో మకారం ఎటు పోయింది? మనవాళ్ళకి సరదా ఇక్కడే.

వెల్ష్‌లో మాట మొదటి హల్లు, ముందున్న మాటను బట్టి మెత్తబడుతుంది. ప కాస్తా బ, త కాస్తా ద, క కాస్తా గ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. కూర, కాయ కలిస్తే కూరగాయ. గసడదవాదేశం బట్టీ పట్టిన ప్రాణానికి వెల్ష్ వ్యాకరణం సగం తెలిసినట్టే. వాళ్ళు ఇంకో అడుగు వేసి బ, మ రెంటినీ వ చేసేస్తారు. అలా మాబ్ వాబ్ అయి, ఆ వకారం కూడా జారిపోయి అబ్ మిగిలింది. మామూలుగా హల్లు ముందు అప్, అచ్చు ముందు అబ్.

1536, 1543 చట్టాలతో వేల్స్‌ని ఇంగ్లండులో కలిపేశాక ఇంగ్లిషువాళ్ళ తరహా ఇంటిపేర్లు మెల్లగా స్థిరపడ్డాయి. అప్పుడు అకారం రాలిపోయి, చివరి హల్లు తండ్రి పేరుకి అతుక్కుంది. అప్ హవెల్ పవెల్ అయ్యాడు, అప్ రీస్ ప్రైస్ అయ్యాడు, అప్ హ్యూ ప్యూ అయ్యాడు. అబ్ ఒవైన్ బోవెన్, అబ్ ఎవాన్ బెవాన్. మీ ఆఫీసులో ప్రైస్ అనే ఆయన ఉంటే ఆ "ప్" ఎక్కడిదో అడిగి చూడండి, ఆయనకే తెలియకపోవచ్చు.

ట్యూడర్ వంశం కథ మరీ తమాషా. ఏడో హెన్రీ తాత ఒవైన్ అప్ మరెదిద్ అప్ ట్యూడర్. తండ్రి పేరు నిలిచి ఉంటే ఇంగ్లండును ఏలినవాళ్ళు మెరెడిత్‌లు అయ్యేవారు. తాత పేరు అంటుకుంది.

మరొకరు: ఇంటిపేరు లేకుండా ఇన్ని తరాలు ఎలా గుర్తుపెట్టుకున్నారండీ?

జవాబు: గుర్తుపెట్టుకోకపోతే పొలం పోతుంది కనుక! వెల్ష్ చట్టంలో తండ్రి భూమి కొడుకులందరికీ సమానంగా పంచాలి. హత్య జరిగితే చెల్లించాల్సిన సొమ్ము దూరపు దాయాదుల దాకా పడుతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో తేలాల్సిందే. మన పెళ్ళిళ్ళలో ప్రవర చదివేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి వరసగా వస్తారు చూడండి, వాళ్ళకది నిత్యావసరం. పెద్దింటివాణ్ణి "బోన్‌హెదిగ్" అంటారు. అందులో "బోన్" అంటే చెట్టు మొదలు. మన వంశం అనే సంస్కృత పదానికి వెదురు అనే అర్థం కూడా ఉంది. అక్కడా ఇక్కడా చెట్టే దొరికింది.

ఇంకొకరు: వాళ్ళ డాళ్ళ మీద వేసుకునే వంశ గుర్తుకి తెలుగులో ఏ మాట వాడాలి?

జవాబు: నా ఓటు "లాంఛనం". కాకతీయులది వరాహ లాంఛనం అంటాం కదా. ఇప్పుడది "ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు", ఆడపడుచు లాంఛనాలు, "లాంఛనంగా ప్రారంభించారు" దగ్గర ఆగిపోయింది, పాపం.

కాకపోతే వెల్ష్ లాంఛనాల్లో ఒక మెలిక ఉంది. డాళ్ళ మీద వంశ గుర్తులు యూరప్‌లో 12వ శతాబ్దంలో గానీ మొదలవలేదు. కానీ తర్వాతి వంశావళికారులు 7వ శతాబ్దపు వెల్ష్ రాజు కద్వలదర్‌కి కూడా నీలి నేల మీద బంగారు శిలువ ఇచ్చేశారు. పూర్వీకుడికి గుర్తు తగిలిస్తే వారసులందరికీ వాటా! ట్యూడర్ల పూర్వీకుడు ఎద్నివెద్ వఖన్‌ది ఇంకా ఘోరం, మూడు ఇంగ్లిషు తలకాయలు. యుద్ధంలో ఆయన నరికిన తలలని కథ. ఆ "వఖన్" కూడా బఖన్ మెత్తబడిన రూపమే, చిన్నవాడు అని అర్థం. నేటి వాన్ ఇంటిపేరు అందులోంచే వచ్చింది.

1400లో ఇంగ్లండు మీద తిరుగుబాటు చేసిన ఒవైన్ గ్లిన్‌డూర్‌కి తండ్రి వైపు పొవిస్ రాజవంశం, తల్లి వైపు దెహైబార్త్, రెండూ పాత వెల్ష్ రాజ్యాలే. అయినా లెవెలిన్ ఏలిన గ్వినెద్ రాజ్యం వాళ్ళ నాలుగు సింహాలనే ఎత్తుకున్నాడు. లెవెలిన్ సింహాలు నడుస్తుంటాయి. ఈయనవి వెనక కాళ్ళ మీద లేచి నిలబడ్డాయి.

మొదట అడిగినవారు: అన్నీ కొడుకులవేనా? కూతుళ్ళ మాటేమిటి?

జవాబు: "మెర్ఖ్" అంటే కూతురు. మ వ అయి పేరులో "వెర్ఖ్" అవుతుంది. గ్లిన్‌డూర్ తల్లి ఎలెన్ వెర్ఖ్ టోమోస్. పెళ్ళయినా ఆవిడ టోమోస్ కూతురే. మన పహాణీలో ఉండే "తండ్రి/భర్త" గడి అక్కడ పెట్టి ఉంటే గీతకి ఇవతలి వైపే నింపేవారు.